కింది హాల్లో బొమ్మ

మళ్ళీ వెనక్కి వెళ్ళింది చుక్క. మూడోసారో నాలుగోసారో, నేను లెక్కపెట్టడం లేదు, ఓవెన్‌లో ఎవరిదో ముందుపన్నుకి పింగాణీ తొడుగు కాలుతోంది, అది కాలి చల్లారేదాకా నా చేతులకి పని లేదు, చేతులకి పని లేనప్పుడు కళ్ళు ఎటో ఒకవైపు పోతాయి, ఈ మధ్య అవి పోయేది ఇటే, కంప్యూటర్ తెర మీద కుడి మూలకి, అగ్గిపెట్టంత కిటికీలోకి. పైన "హాలు టీవీ" అని ఉంటుంది, దాని కింద నడుస్తున్న ఫైలు పేరు, పేరు కింద సన్నటి గీత, గీత మీద పాకే చుక్క. బొమ్మ కనబడదు. బొమ్మ మెట్ల కింది ఇంట్లో కనబడుతుంది, నా చెల్లెలికి, సోఫాలో. నాకు కనబడేది ఆమె ఎక్కడిదాకా చూసిందో, ఎక్కడ ఆపిందో, ఎక్కడికి వెనక్కి జరిపిందో, అంతే. తొంగి చూడటం అంటారా, అనుకోండి, కాని తలుపు సందులోంచి చూస్తే మనిషి కనబడుతుంది, ఇందులో చుక్క కనబడుతుంది. చుక్కని చూడటం ఏ తప్పు కిందికి వస్తుందో నాకు తెలియదు. ఇదిగో, మళ్ళీ జరిగింది, పోయి పోయి అక్కడికే పోయింది.

ఈ ఏర్పాటు మరిది చేశాడు. చెల్లెలి మొగుడు, లిఫ్టులు బాగుచేస్తాడు, ఏ ఇంట్లో ఏ వస్తువు ఊరికే కూర్చున్నా సహించలేడు. నా కంప్యూటర్ పళ్ళ కోసం కొన్నది, దవడ కొలతలు అందులోకి ఎక్కించి తొడుగుల ఆకారం చూసుకోవడానికి, పెద్ద డిస్కు, సగానికి పైగా ఖాళీ. "వదినగారూ, ఇంత చోటు పెట్టుకుని పళ్ళు దాచుకుంటారా," అని ఒక ఆదివారం పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు, స్క్రూడ్రైవర్‌తో పనేం లేదు, అలవాటు. సాయంత్రానికి సినిమాలు, సీరియళ్ళు, వాళ్ళ కెమెరాలోవి, నా ఫోన్‌లోవి, అన్నీ మేడ మీద నా డిస్కులో చేరాయి, కింద వాళ్ళ టీవీలో నా కంప్యూటర్ పేరు కనబడింది, రిమోట్ నొక్కితే పైనున్నది కింద ఆడింది. మధ్యలో తీగ లేదు, గాలి ఉంది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. మరిది దానికి "అక్కా టాకీస్" అని పేరు పెట్టాడు, నిజంగానే ఆ పేరే ఎక్కించాడు, ఇప్పటికీ వాళ్ళ టీవీ తెరిస్తే మొదట వచ్చేది అదే, అక్కా టాకీస్. అప్పట్లో రాత్రి అన్నాలయ్యాక నేనూ కిందకి పోయి వాళ్ళతోపాటే చూసేదాన్ని, నా కంప్యూటర్లోది చూడటానికి మెట్లు దిగిపోవడం ఏమిటని అతను నవ్వేవాడు, టాకీస్ ఓనరు టికెట్ కొనుక్కుని రావడం ఇక్కడే చూశాను అనేవాడు.

తర్వాత పోవడం మానేశాను. మాటలూ లేవు. మూడేళ్ళు దాటింది. ఒకే గేటు, ఒకే నీళ్ళ మోటారు, ఒకే మెట్లు, వాటి మొదట్లో ఆమె చెప్పులు, చివర్న నావి. మాటలు లేకపోవడం అలవాటైతే కష్టమేం కాదు, ఎవరూ నమ్మరు గాని సదుపాయం కూడా. ఆమె స్కూటర్ బయల్దేరిన చప్పుడు విని నేను కిందికి దిగుతాను, నా తలుపు గడియ చప్పుడు విని ఆమె బట్టలారేయడానికి పైకి వస్తుంది. కావలసిన మాటలు మరిది మోస్తాడు, ట్యాంకు నిండింది, కరెంటువాడు వచ్చాడు, మీ చెల్లెలికి జ్వరం, మీ అక్కగారికి పార్సిల్. గొడవైన కొత్తలో అతనొచ్చి గుమ్మంలో నిలబడి, "వదినగారూ, మరి అది తీసెయ్యమంటారా," అన్నాడు, కంప్యూటర్ వైపు చూస్తూ. "మీ ఆవిడేమంది?" అన్నాను. "ఉండనీ అంది." "అయితే ఉండనీ." అంతే. ఉంది. చూస్తూ చూస్తూ ఆ గీత మీది నడక నాకు తెలిసిపోయింది. ఉన్నట్టుండి ఆగిందంటే పొయ్యి మీద పాలు పొంగాయి, ఆగి చాలాసేపు కదలలేదంటే నిద్రపోయింది, పాట రాగానే ముందుకి గెంతిందంటే మరిది ఇంట్లో లేడు, ఉంటే పాటలు వదలడు. నెమ్మదిగా నడిచే పోలీసు కథలు ఆమెకిష్టం, చివరిదాకా ఎవరో తెలియకూడదు, వర్షం పడుతూ ఉండాలి. అలాంటివి ఎక్కడ దొరికినా తెచ్చి డిస్కులో పెట్టేదాన్ని. పెట్టిన మర్నాడో ఆ మర్నాడో చుక్క దాని మీద పాకేది. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. బాగాలేకపోతే మధ్యలో వదిలేసేది, అదే తెలిసేది.

గొడవ అనడానికి గొడవేం జరగలేదు. నా దగ్గర ఒక కుక్క ఉండేది. దొర అనేవాళ్ళం, వెనక చేతులు కట్టుకుని పొలం చూసుకునే పెద్దమనిషిలా వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడని. ముసలివాడయ్యాడు, మూత్రపిండాలు పోయాయి, వెనక కాళ్ళు లేవడం మానేశాయి. ఆ సమయంలోనే కొత్త మిషను నేర్చుకోవడానికి మా పళ్ళ క్లినిక్‌వాళ్ళు నన్ను వేరే ఊరు పంపారు, వారం రోజులు. వెళ్ళేముందు మందులేవో, ఎప్పుడెప్పుడో చెల్లెలికి చెప్పాను, ఆమెకి చెప్పనక్కర్లేదు, ఆస్పత్రిలో రక్తం తీసే పని ఆమెది, పసిపిల్లకి నరం దొరకకపోతే ఆ అంతస్తు అంతా ఆమె కోసం కేకలేస్తారు. నేను తిరిగొచ్చేసరికి వాకిట్లో దొర లేడు. గిన్నె కడిగి బోర్లించి ఉంది. పశువుల డాక్టర్ని పిలిపించి సూది వేయించేసింది, నాకు ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని అడిగాను. మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాం, నా చేతిలో ఇంకా పెట్టె ఉంది. "నువ్వుంటే ఇంకో వారం బాధపడేవాడు, అంతే," అంది. అది నిజం. నిజం కాబట్టే ఏమనాలో తోచలేదు, ఆ రోజు తోచలేదు, మర్నాడూ తోచలేదు, అలా తోచకుండానే వారం గడిచింది, వారం గడిచాక ఏదన్నా అనడం పెద్ద పని అయిపోయింది, నెల గడిచాక ఇంకా పెద్దది. కోపం ఎప్పుడో పోయిందనుకుంటాను. కోపం పోయాక కూడా మిగిలేది ఒకటుంటుంది, దానికి పేరేం లేదు, ఖాళీ అయిన కుర్చీ వాడుకలో లేకుండా గోడకి జరిగినట్టు జరిగి అక్కడే ఉండిపోతుంది.

ఓవెన్ మీద అంకెలు పెరుగుతున్నాయి. ఇంకా ఉంది. కింద టీవీ గొంతు నేల గుండా వస్తోంది, మాటలు తెలియవు, గొంతులు తెలుస్తాయి. ఈ నెల మొదటి నుంచి స్కూటర్ గేటు పక్కనే ఉంటోంది, మధ్యాహ్నాలు కూడా. మరిదిని అడిగితే సెలవు పెట్టింది వదినగారూ, మోకాలు నొప్పట, అన్నాడు. మోకాలు నొప్పి మనిషి మెట్లెక్కి బట్టలు ఆరేస్తోంది, అది నేను అనలేదు. వింత అది కాదు. మధ్యాహ్నం అతను పనికి వెళ్ళాక టీవీ పెడుతుంది, పోలీసు కథలు ముట్టుకోవడం లేదు. ఇంటి వీడియోలు చూస్తోంది. మరిది కెమెరాలోవి, అందరూ ఒకసారి చూసి మరిచిపోయేవి, మొదట కిందటి సంవత్సరానివి, తర్వాత అంతకు ముందువి, రోజుకొకటో రెండో, వెనక్కి వెనక్కి. ఏమీ తోచక చూస్తోందనుకున్నాను. కాని తోచక చూసేవాళ్ళు మొదలుపెట్టి వదిలేస్తారు. ఈమె ఒక ఫైలులో ఏదో ఒక్కచోటికి పోయి, ఆగి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసి, మళ్ళీ జరిపి, ఆ తర్వాత మిగతాది ముట్టుకోకుండా ఆపేస్తుంది. మొన్న మరిది పుట్టినరోజుది అలాగే చేసింది. నిన్న సముద్రం దగ్గరిది. ఇవాళ్టి ఫైలు పేరు "హాలు రంగులు". ఇది పాతది. ఇందులో నేను కూడా ఉన్నాను. ఇంతవరకు చూసినవాటిలో నేను లేను, ఉండే అవకాశం లేదు, ఇవాళ మొదటిసారి చుక్క నేనున్న రోజుల్లోకి దాటింది, అందుకే కాబోలు నా కళ్ళు దాన్ని వదలడం లేదు.

ఫైలు నా దగ్గరే ఉంది కదా. తెరిచాను. చుక్క ఎక్కడికి పోతోందో సరిగ్గా అక్కడికి నేనూ పోయాను. కింది హాలు, సామానంతా మధ్యకి లాగి దుప్పట్లు కప్పి ఉంది, గోడలకి రంగు వేస్తున్నాం, పని మనుషుల్ని పెట్టుకోకుండా మేమే. నేను నిచ్చెన మీద, తలకి గుడ్డ, బుగ్గ మీద నీలం మచ్చ, ఏదో అని నవ్వుతున్నాను. అదే నవ్వు ఒక్క క్షణం వెనగ్గా నేలలోంచి వచ్చింది, కింద టీవీలోంచి. నా నవ్వే, ఎవరో పక్కింటావిడ నవ్వినట్టుంది. చెల్లెలు నేల మీద గొంతుక్కూచుని, కిటికీ చుట్టూ సన్న కుంచెతో అంచు దిద్దుతోంది. ఇంతలో ఎడమ పక్క నుంచి దొర వచ్చాడు, తోక కొసకి నీలం రంగు, ఆ సంగతి అతనికి తెలియదు, దర్జాగా గదంతా దాటి వెళ్ళాడు, అవతల నుంచి మరిది గొంతు, "ఒరే ఒరే, గోడకి కాదు, దొరగారికి వేశారు రంగు." ఆపేశాను. అయితే ఇదన్నమాట. మధ్యాహ్నాలు తలుపేసుకుని కుక్కని చూస్తోంది. చంపించిన మనిషి టీవీలో చూసుకుంటోంది అని ఒక ఆలోచన, పోనీలే, ఆమెకీ బెంగ ఉంది అని ఒక ఆలోచన, రెండూ ఒకేసారి వచ్చాయి, రెండిట్లో ఏది ముందు అనుకున్నానో నన్నడిగితే అబద్ధమే చెబుతాను. అప్పుడు కిటికీలో చుక్క మళ్ళీ వెనక్కి జరిగింది. ఈసారి బాగా చూశాను. జరిగింది, కొంచెం పాకింది, ఆగింది. ఆగిన చోట దొర ఇంకా రాలేదు. అతను వచ్చే లోపలే ఆపుతోంది. ఆపి, వెనక్కి. దొర కోసం కాదు.

అయితే దేని కోసం? సముద్రం దగ్గరి ఫైలు తెరిచాను, నిన్న ఎక్కడ తచ్చాడిందో నాకు గుర్తే. మరిది వెనక నుంచి తీశాడు, చెల్లెలు నీటి అంచున నడిచిపోతోంది, గాలికి బట్టలు కొట్టుకుంటున్నాయి, అలలు, ఎవరో పిల్లల బంతి, ఏమీ జరగలేదు. మళ్ళీ చూశాను. ఏమీ జరగలేదు. పుట్టినరోజుది తెరిచాను, కేకు, కొవ్వొత్తులు, అతని తోటి పనివాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, చెల్లెలు బల్ల చివర నిలబడి నవ్వుతోంది. దొర లేడు, నేను లేను, రెండిట్లోనూ ఉన్నది ఆమే. నా పనిలో ఒకటుంది, దవడ అచ్చు ముందు పెట్టుకుని మొత్తం చూస్తే ఏమీ కనబడదు, బాగానే ఉన్నట్టుంటుంది, కుడివైపు మూసి ఎడమ చూడాలి, ఎడమ మూసి కుడి చూడాలి, అప్పుడు తేడా తెలుస్తుంది. అలా చూశాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆమె కొట్టడం లేదు. ఎడమ చెయ్యి బల్ల మీద. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది, దాని బొటనవేలు చూపుడువేలి మీద కదులుతోంది, చిన్నగా, ఆగకుండా, కనబడని మాత్రేదో చుడుతున్నట్టు. మొహం నవ్వుతూనే ఉంది, ఆ చెయ్యి తనది కానట్టు తన పని తాను చేసుకుపోతోంది. తర్వాత ఆమె కిందికి చూసుకుంది, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంది. చుక్క ఆగింది అక్కడే. సముద్రం దగ్గరిది మళ్ళీ పెట్టాను. ఎడమ చెయ్యి ఊగుతోంది, ముందుకీ వెనక్కీ, నడిచే మనిషి చెయ్యి ఊగినట్టు. కుడిది ఊగడం లేదు. మోచెయ్యి కొంచెం వంచి, పక్కకి అదిమి, సంచీ పట్టుకున్నట్టు, సంచీ లేదు. ఇది ఏమిటో నాకు తెలుసు. మా క్లినిక్‌కి ఇలాంటి వణుకు జబ్బున్న పెద్దాయన ఒకాయన వస్తాడు, కట్టుడుపళ్ళు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి ఆయనకి, దాని పేరు కూడా తెలుసు, మనసులోనైనా పలకబుద్ధి కాలేదు. మోకాలు కాదు. సూది పట్టుకునే చెయ్యి.

ఓవెన్ కూసింది. దాని మూత అదే తెరుచుకుంటుంది, ఎవరిదో పన్ను తెల్లగా, ఎర్రగా, మళ్ళీ తెల్లగా చల్లారుతుంది, నేను లేవక్కర్లేదు. లేవలేదు. "హాలు రంగులు" దగ్గరికే వచ్చాను, ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి దొర రాకముందు భాగమే చూశాను. చెల్లెలు కిటికీ ముందు. కుడిచేతిలో సన్న కుంచె. చెక్కకీ గోడకీ మధ్య అంచు దిద్దుతోంది, టేపు అంటించుకోలేదు, కొలబద్ద లేదు, ఊపిరి బిగబట్టి పై నుంచి కిందికి ఒక్కటే గీత, నిలువుగా, ఎక్కడా పక్కకి పోకుండా, ఎక్కడా లావెక్కకుండా. వేళ్ళు కదలడం లేదు, మణికట్టు కదలడం లేదు, చెయ్యి మొత్తం ఒక్క ముక్కగా దిగుతోంది. చివరికొచ్చాక కుంచె పైకెత్తి, తల వెనక్కి వాల్చి, తను గీసినదాన్ని తనే మెచ్చుకున్నట్టు చూసింది. అంతే ఉంది అందులో. ఇందులో వణుకు లేదు. మొన్నటిలో ఉంది, నిన్నటిలో ఉంది, ఇందులో లేదు. లేనిదాన్ని చూడటానికే వెనక్కి వెనక్కి జరుపుతోంది. వణుకు లేని చెయ్యి. నీళ్ళ సీసా కోసం చెయ్యి చాచాను, మౌసు కదిలింది, పట్టుకోబోయాను, ఎక్కడ నొక్కానో నాకే తెలియదు, చిన్న కిటికీలో చుక్క ఆగిపోయింది. కింద గొంతులు ఆగిపోయాయి. నేనే ఆపాను. పైనుంచి కూడా ఆపవచ్చని నాకు తెలుసు, మరిది ఆ రోజే చూపించాడు, ఇన్నేళ్ళలో ఒక్కసారి ముట్టుకోలేదు. ఇప్పుడు కింద ఆమె ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చుని ఉంటుంది, రిమోట్ తన చేతిలోనే ఉంటుంది, తను నొక్కలేదని తనకి తెలుస్తుంది. పై నుంచి ఆపగలిగేది ఈ ఇంట్లో ఒక్కరే. తిరిగి నడిపించనా, నడిపిస్తే ఒప్పుకున్నట్టు, నడిపించకపోతే ఇంకా ఎక్కువ ఒప్పుకున్నట్టు. ఎంతసేపో. చుక్క కదిలింది. కింద నుంచి ఆమె నొక్కింది. కొంచెం పాకింది, ఆగింది. ఈసారి నేను కాదు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. ఆగింది, కదలలేదు, వెనక్కీ పోలేదు. నా ఫోన్‌లో ఆ రోజుల్లోవి ఇంకా ఉన్నాయి, చెల్లెలు ఉల్లిపాయలు తరిగేది, బొంగరం తిప్పేది, వెతికి డిస్కులో వేస్తే తనే చూసుకుంటుంది, అని ఒక ఆలోచన వచ్చింది. మెట్లు దిగడం కంటే ఫైలు పెట్టడం తేలిక. ఇన్నాళ్ళూ చేసిందదే. లేచాను.

కింద వాళ్ళ తలుపు దగ్గరికి వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. మూడేళ్ళలో సోఫా జరిగింది, కిటికీ తెరలు మారాయి. చెల్లెలు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది, ఎడమచేతిలో రిమోట్, కుడి చెయ్యి ఒళ్ళో దిండు కింద. టీవీ నిండా ఆమే, కుంచె పట్టుకుని. నావైపు తిరగలేదు.

"ఆపింది నువ్వేనా?"

"చెయ్యి తగిలింది."

"రెండోసారి నేను ఆపాను," అంది. "వస్తావేమోనని."

గొంతు మారలేదు. నేల గుండా విన్నప్పుడు కొంచెం లావుగా అనిపించేది.

"రోజూ చూస్తున్నావా పైనుంచి?"

"బొమ్మ కనబడదు. ఎక్కడ ఆపుతున్నావో తెలుస్తుంది."

"అయితే తెలిసిపోయింది."

"ఇవాళే. ఇందాకే." నిలబడే ఉన్నాను. "డాక్టరుకి చూపించావా?"

"మా ఆస్పత్రిలో కాదు. అక్కడైతే సాయంత్రానికి క్యాంటీన్‌లో కూడా తెలుస్తుంది. వేరేచోట చూపించాను. ఎన్నాళ్ళ నుంచమ్మా ఉంది అన్నాడు. ఈ మధ్యే అన్నాను. బాగా గుర్తు తెచ్చుకుని రండి, మీకు తెలియకపోతే ఇంట్లోవాళ్ళనడగండి, వాళ్ళకి ముందు కనబడుతుంది అన్నాడు. ఎవర్నడగను? ఈయన్ని అడిగితే ఇంక నిద్రపోరు. పొద్దున లేచి లిఫ్టు కింద దూరే మనిషి, ధ్యాస ఎటో ఉంటే... నువ్వా, సరే. అందుకని టీవీని అడిగాను."

ఆ మాటకి నవ్వొచ్చింది నాకు. ఆమెకీ వచ్చింది, సగంలో పోయింది.

"దీన్లో లేదు," అన్నాను టీవీ వైపు చూపిస్తూ.

"లేదు కదా? నువ్వూ చూశావా? నా కళ్ళకే లేదో, నిజంగా లేదో అని ఇన్నిసార్లు చూశాను."

"లేదు. బాగా చూశాను. దీని తర్వాతది ఏముంది, ఎక్కడ మొదలైందో..."

"ఎక్కడ మొదలైందో నాకు తెలుసే," అంది. చాలా మామూలుగా అంది, ట్యాంకు నిండింది అన్నట్టు. "అది ఏ వీడియోలోనూ లేదు. నువ్వు ఊళ్ళో లేవు. ఆ పశువుల డాక్టరు కుర్రాడు, దొరకి నరం దొరకలేదు అతనికి, కాలు ఎండిపోయి పుల్లలా ఉంది. నేను తీస్తానండీ, నా పని అదే అన్నాను. బొచ్చు గీశాను, నరం కనబడుతోంది, వేలికి తగులుతోంది. సూది పట్టుకుంటే చెయ్యి ఆగలేదు. రెండుసార్లు తప్పాను. వాడు ఒక్కసారి కూడా కరవలేదు, నా మొహంలోకి చూస్తూ పడుకున్నాడు. మూడోసారి ఆ కుర్రాడే తీసుకుని చేశాడు. నా జన్మలో రెండుసార్లు ఎవరికీ గుచ్చలేదు నేను. నీకు ఫోన్ చేసి ఏమని చెప్పను? బాధ లేకుండా పోయాడని చెప్పాలి కదా. చెప్పలేకపోయాను. నువ్వొచ్చి అడిగితే నోటికొచ్చింది అన్నాను."

మెట్ల దగ్గర ఆమె ఎలా నిలబడి ఉందో చూడాలని ప్రయత్నించాను, నా మనసులో, ఎవరూ తీయని వీడియో అది. నా పెట్టె కనబడుతోంది, దాని పిడి, చక్రం ఒకటి విరిగింది. ఆమె మొహం కనబడుతోంది. చేతులు కనబడటం లేదు. చూడలేదు నేను. చూసి ఉంటే కూడా ఆ రోజు అది వణుకు అనుకునేదాన్నా, పొగరు అనుకునేదాన్ని, వెనక్కి దాచుకుంటే.

"వాడి కోసం వణికిందనుకున్నాను," అంది చెల్లెలు. "పాపం తగిలి వణుకుతోంది, తగ్గుతుంది అనుకున్నాను. తగ్గింది కూడా కొన్నాళ్ళు. తర్వాత మళ్ళీ వచ్చింది. ఇంతకు ముందుది ఏదన్నా దొరికితే, అంతకు ముందే ఉందని తేలితే, వాడికీ దీనికీ సంబంధం లేదని..." దిండు కేసి చూసింది. "లేదు. వాడితోనే మొదలు."

"వాడితో కాదు," అన్నాను. "అప్పుడు మొదలైంది. అంతే. ఆ రోజు నువ్వు కూర తరిగి ఉంటే వంకాయతో మొదలయ్యేది."

ఏమిటీ మాట, ఓదార్పు ఇలాగేనా చెప్పడం, కాని నోట్లోంచి అదే వచ్చింది, చెల్లెలు నన్ను మొదటిసారి తలెత్తి చూసింది, మూడేళ్ళలో నేనెలా ముసలిదాన్నయ్యానో చూసుకుంటున్నట్టు.

"చూపించు," అన్నాను.

దిండు తీసింది. చెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంది. బొటనవేలు చూపుడువేలి మీద, తెరలో చూసినట్టే, అంత వేగంగా కూడా కాదు. దగ్గర నుంచి చూస్తే భయంగా లేదు. ఆ చెయ్యి నాకు చాలా బాగా తెలిసినది, చిన్నప్పుడు రోడ్డు దాటించడానికి పట్టుకునేదాన్ని, చెమట పట్టి జారిపోయేది. ఇప్పుడు పట్టుకోలేదు. పట్టుకుంటే ఆగుతుందేమోనని ఇద్దరం చూస్తాం, ఆగకపోతే ఏం చెయ్యాలి.

"నిద్రలో ఉండదట," అంది. "నాకు తెలియదు మరి, నిద్రలో ఉంటాను కదా."

"పని?"

"ఒక పాపకి తప్పాను. ఒక్కసారే. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. ఆ మర్నాడే సెలవు పెట్టేశాను." తల పక్కకి వంచి టీవీ వైపు చూసింది. "కొంచెం పక్కకి జరుగు, టీవీకి అడ్డంగా ఉన్నావు."

జరిగాను. జరిగి ఎక్కడ నిలబడాలో తెలియక కూర్చున్నాను. ఆమె రిమోట్ నొక్కింది. గీత కిందిదాకా దిగింది, ఆమె తల వాల్చి మెచ్చుకుంది, దొర తోకతో దాటిపోయాడు, ఈసారి ఆపలేదు, వెనక్కి జరపలేదు. ఆ తర్వాత చాలా ఉంది, మరిది గోడని వదిలి తన బూటుని వీడియో తీశాడు, మా ఇద్దరి మధ్య కుంచె కోసం పేచీ, నేనేదో అన్నాను, అదేమిటో ఇప్పుడు ఇద్దరికీ అర్థం కాలేదు, మళ్ళీ పెట్టి విన్నాం, అయినా అర్థం కాలేదు. రెండో గోడ సగంలో ఉండగా గేటు చప్పుడైంది. ఇవాళ తొందరగా వచ్చాడు.

మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు, భుజాన పనిముట్ల సంచీ, ఒక కాలు లోపల. నన్ను చూశాడు, చెల్లెల్ని చూశాడు, టీవీని చూశాడు.

"ఏమైంది వదినగారూ," అన్నాడు. "నెట్ పోయిందా?"

చెల్లెలు ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఉంది, నవ్వు ఎక్కడో మారడం మొదలుపెట్టింది, అతని మొహం కూడా అప్పుడే మారింది. టీవీ గొంతు తగ్గించింది.

"అక్కా, నువ్వు చెప్పు," అంది. "నావల్ల కాదు."

అతను నావైపు తిరిగాడు. మాట్లాడాల్సిన చోట ఎప్పుడూ ఆలస్యం చేసేదాన్ని నేనే, అది ఈ ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, చెయ్యి నుంచా, డాక్టరు నుంచా. అతను సంచీ బరువుకి ఒక పక్కకి ఒరిగి నిలబడ్డాడు, దించుకోవాలన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"ముందా సంచీ కింద పెట్టు," అన్నాను. "చెబుతాను."